వైశాఖపు చిగుళ్ళ వెంట అనంతగిరికి

సీతాకోకచిలుకలు చూడటానికి వైశాఖంలో బయల్దేరుతున్నామంటే, ఆ సంగతులు తెలిసినవాళ్ళు ఇంకో నాలుగు నెలలు ఆగమంటారు. దేశంలో వాటికి పేరుపడ్డ నెల సెప్టెంబరు. 2020 నుంచి ‘బిగ్ బటర్‌ఫ్లై మంత్’ జరుగుతున్నదీ ఆ నెలలోనే. వానలు కురిసి, గడ్డీగాదం పెరిగి, ప్రతి కంచె మీదా ఏదో ఒక తీగ పాకి ఉండే కాలమది. మే నెలలో విశాఖ తీరాన ఉండేది ఉక్కపోత, ఎండిన గట్లు, మధ్యాహ్నానికల్లా నిర్మానుష్యమయ్యే వీధులు.

అయినా ఒక రిటైర్డ్ బోటనీ లెక్చరరు, ఆయన మేనకోడలైన ఇంజినీరింగ్ విద్యార్థిని ఇద్దరూ కృత్తిక కార్తెలోనే ప్రయాణం పెట్టుకున్నారు. విశాఖ నుంచి శృంగవరపుకోట, అక్కడినుంచి రైల్లో బొర్రా, ఆపైన అనంతగిరి కాఫీ తోటలు. ఆయన లెక్క ఆయనది. తూర్పు కనుమల్లోనూ, వాటి కింది ఊళ్ళలోనూ చాలా చెట్లు వాన కోసం ఎదురుచూడవు. కానుగ, రావి, మర్రి, మేడి ఎండలు మండుతుండగానే లేతాకు తొడుగుతాయి. గుడ్డులోంచి అప్పుడే బయటపడ్డ పురుగు నోటికి ముదురాకు లొంగదు కాబట్టి తల్లి చిగురున్న చోటే వెతుక్కుని గుడ్డు పెడుతుంది. సెప్టెంబరులో ఎటు చూసినా పచ్చదనమే, అందులో ఒక్క పురుగును పట్టుకోవాలంటే కళ్ళు కాయలు కాస్తాయి. వైశాఖంలో పచ్చగా మిగిలిన చోట్లు కొన్నే. ఆ కొన్నింటినీ ఓపిగ్గా చూస్తే చాలు.

దేశంలో 1,300కు పైగా సీతాకోకచిలుక జాతులున్నాయి. వాటన్నిటి పేర్లూ నేర్చుకోవడం ఎవరివల్లా అయ్యే పని కాదు. మన చుట్టూ ఉన్న ఓ ఇరవై ముప్ఫై మొక్కలు గుర్తుపట్టగలిగితే మాత్రం, వాటి మీద బతికేవి వాటంతటవే కంటపడతాయి. మేనకోడలి ఫోన్లో మంచి కెమెరా ఉంది. మొక్కల సంగతి ఆమెకు తెలియదు. ఈ ప్రయాణం అసలు ఉద్దేశం ఆ లోటు తీర్చడమే.

మొదటి మజిలీ ఊరు దాటకముందే వచ్చింది. విశాఖలో ఖాళీ స్థలం ఉన్నచోటల్లా జిల్లేడు ఉంటుంది. ఇల్లు కట్టకుండా వదిలేసిన ఒక ప్లాటులో గుబురుగా పెరిగిన జిల్లేడు ముందు ఇద్దరూ చతికిలబడ్డారు. నాలుగో ఆకో ఐదో ఆకో తిప్పగానే దొరికింది ప్లెయిన్ టైగర్ పురుగు. ఒళ్ళంతా నలుపు, తెలుపు, పసుపు పట్టీలు, వీపు మీద మూడు జతల నల్లటి పోగులు. దాక్కునే ప్రయత్నమే లేదు. దాని పక్క ఆకు మీద అంతకంటే చిన్నది, వేలిగోరంత కూడా లేనిది, తిండి మొదలుపెట్టకుండా గుండ్రంగా తిరుగుతోంది.

“ఏం చేస్తోంది మావయ్యా? తినట్లేదుగా?”

“చూస్తూ ఉండమ్మా. తొందరపడకు.”

జిల్లేడాకు తుంచితే పాలు కారతాయని పల్లెటూరి పిల్లలందరికీ తెలుసు. ఆ పాలు క్షణాల్లో జిగురవుతాయి. అందులో నోరు చిక్కితే పిల్లపురుగు ప్రాణానికే ముప్పు. అందుకని అది ముందుగా ఆకు మీద వలయంలా గాడి కొరుకుతుంది. ఆకు ఈనెల్లో వచ్చే పాలన్నీ ఆ గాడి దగ్గరే పొంగి ఆగిపోతాయి, వలయం లోపలి ముక్కకు చేరవు. కాసేపు పక్కకు జరిగి, తిరిగొచ్చి, పాలు ఇంకిపోయిన ఆ ముక్కను తింటుంది. పెద్దదయ్యాక ఇంత వలయం అక్కర్లేదు. నడి ఈనెనే కొరికేస్తే ఆకు మొత్తం వాడి వేలాడుతుంది. ఆ చెట్టు మీద అలా మెడ వాల్చిన ఆకులు చాలానే ఉన్నాయి. మేనకోడలు ఫోన్ పక్కన పెట్టేసి, ఒక్క పురుగు ఒక్క వలయం పూర్తిచేసేదాకా కదలకుండా చూసింది. నేర్పాల్సిన తల్లి ఎప్పుడో ఎగిరిపోయింది, గుడ్డులోంచి రాగానే ఈ పని దానికి తెలిసే ఉంటుంది. ఆలోచించేకొద్దీ ఆశ్చర్యం పెరిగే విషయమిది.

జిల్లేడులో గుండెను దెబ్బతీసే విషాలున్నాయి. పురుగు వాటిని ఒంట్లో దాచుకుంటుంది, రెక్కలొచ్చాక కూడా ఆ చేదు పోదు. ఒకసారి రుచిచూసి కక్కుకున్న పక్షి మళ్ళీ ఆ నారింజ రంగు జోలికి పోదు. ఈ భయాన్ని వాడుకునేది ఇంకొకటుంది. డానాయిడ్ ఎగ్‌ఫ్లై ఆడది అచ్చం ప్లెయిన్ టైగర్‌లాగే ఉంటుంది, మగది మాత్రం నల్లటి రెక్కల మీద పెద్ద తెల్లచుక్కలతో పూర్తిగా వేరు. ఎగ్‌ఫ్లై పురుగు తినేది పాయలకూర, తెలంగాణలో గంగవాయిలకూర అంటారే, అదే. పప్పులో వేసుకునే ఆకుకూరకు చేదెక్కడిది? అందుకే ఆ వేషం.

హైవే డివైడర్ల మీది గన్నేరు దగ్గర బస్సు ఆగినప్పుడు కిటికీలోంచే ఇంకో సంగతి చూపించారాయన. గన్నేరాకులు తినే కామన్ క్రో పురుగు ప్యూపాగా మారినప్పుడు, దాని పైపొర వెండిపూత పూసిన అద్దంలా మెరుస్తుంది. ఎదుటి ఆకులు, ఆకాశం అందులో ప్రతిఫలిస్తాయి. లారీల పొగలో, దుమ్ములో, ఎవరూ చూడని చోట అలాంటివి వేలాడుతూ ఉంటాయి.

శృంగవరపుకోట చేరేసరికి మామిడి తోటల్లో కోతలు సాగుతున్నాయి. కాయలు దింపే చోట నిలబడి చెట్ల ఆకుల వెనక వెతుకుతున్నవాళ్ళను చూసి తోట రైతు దగ్గరకొచ్చాడు.

“ఏమిటి మాస్టారూ, పురుగా?”

“పురుగే. కాకపోతే మీకు నష్టం చేసేది కాదు.”

మామిడాకు మీద కామన్ బారన్ పురుగును చూపించడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. చూపించాక కూడా రైతుకు కనపడటానికి మరికాస్త సేపు పట్టింది. పురుగు ఆకుపచ్చ, ఆకు ఆకుపచ్చ. పురుగు వీపు మీద పొడవునా ఒక పసుపు గీత, సరిగ్గా ఆకు నడి ఈనె మీద ఆ గీత కలిసేలా పడుకుంటుంది. ఒంటికి రెండు పక్కలా ఈకల్లాంటి పొడవాటి ముళ్ళు, వాటిని ఆకుకు ఆనించి పరుస్తుంది. దాంతో ఒళ్ళు ఎక్కడ ముగిసిందో, ఆకు ఎక్కడ మొదలైందో అంచు తెలియదు, నీడ పడదు. ముళ్ళు చూసి దురద పెడుతుందని భయపడిన మేనకోడలు కాస్త వెనక్కి జరిగింది. బొబ్బలెక్కించే వెంట్రుకలు ఎక్కువగా ఉండేది రాత్రి తిరిగే రెక్కల పురుగుల పిల్లలకు. వేరుశనగ చేలను నాశనం చేసే ఎర్ర గొంగళి పురుగు ఆ జాతిదే. సీతాకోకచిలుక పురుగుల్లో చాలావాటి వల్ల మనిషికి ఏ బాధా లేదు. ఒకే మాటతో అన్నిటినీ ‘గొంగళి’ అనేసి చెప్పుతో నలిపేయడం మనకు అలవాటైపోయింది.

రైతు మటుకు నిజాయితీగా తన లెక్క చెప్పాడు. “మాకు తేనెమంచు పురుగుతోనే సరిపోతోంది మాస్టారూ. ఇలాంటివి ఒకటీ అరా ఉంటే పట్టించుకోం. కానీ మందు కొట్టినప్పుడు అది ఏరి చంపదుగా, అన్నీ పోతాయి.”

తోటలో ఇంకో వింత ఉంది. ముసలి చెట్ల కొమ్మల మీద బదనిక పట్టింది. చెట్టు రసం పీల్చి బతికే పరాన్నజీవి కాబట్టి రైతులు దాన్ని కనపడగానే నరికేస్తారు, అందులో తప్పు లేదు. అయితే పల్లెల్లో, పట్నాల్లో ఎక్కువగా కనిపించే అందగత్తెల్లో ఒకటైన కామన్ జెజెబెల్‌కు ఆధారం ఈ బదనికే. రెక్కల కింది వైపు చిక్కటి పసుపు, అంచున ఎర్రటి మచ్చల వరస, నల్లటి గీతలు. ఈ జాతి తల్లి ఒకటొకటిగా పెట్టకుండా ఆకు వెనక గుడ్లన్నీ వరసలు తీర్చి ఒకేచోట పెడుతుంది. పిల్లపురుగులు గుంపుగానే తిని, గుంపుగానే పెరుగుతాయి. కొమ్మ కాస్త కదిలిందంటే చాలు, అన్నీ ఒక్కసారి పట్టుదారాలు వదిలి కిందికి జారి గాల్లో వేలాడతాయి. ప్రమాదం తప్పిందనుకున్నాక అదే దారం పట్టుకుని పైకెక్కుతాయి. రైతు కుర్రాడు కర్రతో కొమ్మను మెల్లగా తట్టి ఈ విన్యాసం రెండుసార్లు చేయించాడు, మూడోసారి చేయబోతే తండ్రే ఆపాడు.

“బదనిక కొట్టేయొద్దంటారా అయితే?”

“కొట్టేయండి. తోపు చివర, కాపు ఆగిపోయిన ముసలి చెట్టు ఏదైనా ఉంటే దాని మీద మాత్రం ఒక్క గుత్తి వదిలేయండి.”

మర్నాడు పొద్దున్నే శృంగవరపుకోటలో కిరండూల్ పాసింజర్ ఎక్కారు. ఇనప ఖనిజం కోసం 1960ల్లో వేసిన ఈ లైను ఇప్పుడు అరకు యాత్రికులకు ముద్దుబిడ్డ. 2017లో అద్దాల పెట్టె కూడా తగిలించారు. సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు కేకలు పెట్టడం, పల్లీలు, మామిడి ముక్కలు అమ్మేవాళ్ళ హడావుడి మామూలే. సొరంగానికీ సొరంగానికీ మధ్య లోయ తెరుచుకున్నప్పుడు, పట్టాల పక్కన రేల చెట్ల పసుపు పూలగుత్తులు, వాటి చుట్టూ లేత పసుపు రెక్కలు కనపడ్డాయి. కామన్ ఎమిగ్రెంట్ పురుగులు తినేది రేల ఆకే. దాని దగ్గరి చుట్టం మాటిల్డ్ ఎమిగ్రెంట్‌కు తంగేడు కూడా ఇష్టం. రైలు వేగంలో రెంటికీ తేడా తెలియదు.

బొర్రా గుహలు చూడటానికి దిగే జనమంతా గుహల వైపు వెళ్ళిపోతే, వీళ్ళిద్దరూ జీపు మాట్లాడుకుని కటికి జలపాతం దారి పట్టారు. గోస్తనీ నీళ్ళివి. మే నెలలో ధార సన్నబడుతుంది. సీతాకోకచిలుకలు చూసేవాళ్ళకు అదే లాభం, ఎందుకంటే నీరు తగ్గిన చోట తడి ఇసుక బయటపడుతుంది. పదిగంటల ఎండకు ఆ ఇసుక మీద టెయిల్డ్ జేలు, కామన్ జేలు, ఎమిగ్రెంట్లు, పేరు తెలియని చిన్న నీలిరెక్కలు బారులు తీరి వాలి ఉన్నాయి. అన్నీ నాలుకలు చాచి తడి పీలుస్తున్నాయి. వాటిలో అత్యధికం మగవే. వాటికి కావలసింది నీళ్ళలోని ఉప్పు. ఆకుల్లో సోడియం బహు తక్కువ. మగది ఇలా కూడబెట్టిన ఉప్పును జతకట్టేటప్పుడు ఆడదానికి అందిస్తుంది, అక్కణ్ణుంచి అది గుడ్లకు చేరుతుంది. జీపు డ్రైవరు చెమట తుడుచుకుని రాతి మీద ఆరేసిన తువ్వాలు మీద కూడా రెండు ఎమిగ్రెంట్లు వాలాయి. ఆయన దాన్ని తీయబోయి, ఆగి, అవి లేచేదాకా అలాగే వదిలేశాడు.

అశోకచెట్లని మనం పిలిచే నిటారు నరమామిడి చెట్లు ఊరూరా నాటాక టెయిల్డ్ జే పట్నాల్లోనూ కనిపిస్తోంది. సీతాఫలం, సంపెంగ ఆకులు కూడా దాని పురుగుకు పనికొస్తాయి. అపార్ట్‌మెంట్ గోడ పక్కన ఆకుపచ్చ చుక్కల రెక్క ఒకటి క్షణం నిలవకుండా వణుకుతూ తిరుగుతుంటే, అది ఇదే అనుకోవచ్చు.

వాగు పక్క వెదురు పొదల కింద, రాలిన ఆకుల్లోంచి ఒక ఎండుటాకు లేచి రెండు మూరల దూరంలో మళ్ళీ పడింది. కామన్ ఈవెనింగ్ బ్రౌన్. వానాకాలంలో పుట్టే ఈవెనింగ్ బ్రౌన్‌కు రెక్క కింద కళ్ళలాంటి చుక్కలుంటాయి. ఎండాకాలంలో పుట్టేదానికి ఆ చుక్కలు దాదాపు మాయమై, ఎండిన ఆకు రంగు, ఈనె గీత, అక్కడక్కడా బూజు మరకల్లాంటివి వస్తాయి. ఏ రెండు రెక్కలూ ఒకేలా ఉండవు, ఏ రెండు ఎండుటాకులూ ఒకేలా ఉండనట్టే. పురుగుగా గడ్డి తింటున్న రోజుల్లో తగిలిన వాతావరణాన్ని బట్టి ఈ రెక్క తయారవుతుంది. వైశాఖంలో వస్తే ఈ ఎండాకాలపు కోటు చూడొచ్చు, సెప్టెంబరులో వచ్చినవాళ్ళకు అది దొరకడం కష్టం.

మధ్యాహ్నం మూడింటికి ఉరుములు మొదలయ్యాయి. కొండ మీద ఈ నెలల్లో అది రివాజు. గంటసేపు కురిసి వెలిసింది.

వాన తర్వాత అనంతగిరి దగ్గర ఒక ఊరి కంచె మీద ఈశ్వరి తీగ దొరికింది. మావయ్య వెతుకుతున్నది దీన్నే. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు తూర్పు కనుమల సీతాకోకచిలుకలు ఏ మొక్క మీద గుడ్డు పెడతాయో, ఎలా పెరుగుతాయో ఏళ్ళ తరబడి గమనించి రాశారు. ఆ కాగితాలు చదివినప్పటి నుంచి ఆయనకు ఈశ్వరి మీద మనసు. ఈ తీగ మీదా, చేలగట్ల మీద పాకే దీని చెల్లెలు గాడిదగడపాకు మీదా తప్ప కామన్ రోజ్, క్రిమ్సన్ రోజ్ ఇక్కడ మరో మొక్క జోలికి దాదాపుగా పోవు. పల్లెల్లో పాముకాటుకు వాడే మొక్కగా ఈశ్వరికి పేరుంది గానీ, దానిలోని ఆరిస్టలోకిక్ ఆమ్లం మూత్రపిండాలను పాడుచేస్తుందని తేలింది. మందుగా దాని జోలికి పోకపోవడమే మంచిది. మనకు చెరుపు చేసే ఆ విషమే రోజ్ పురుగులకు కవచం.

తీగ మీద రెండు రకాల పురుగులూ ఉన్నాయి. రెండూ ముదురు వంగపండు రంగు, ఒంటి నిండా ఎర్రటి బుడిపెలు. నడుము చుట్టూ తెల్లటి పట్టీ ఉన్నది కామన్ రోజ్, లేనిది క్రిమ్సన్ రోజ్. తీగ పైన ఒక నల్లటి పెద్ద రెక్క తిరుగుతోంది, వెనక రెక్కల మీద తెల్ల మచ్చలు, ఎర్ర చుక్కలు.

“ఇది తల్లా మావయ్యా?”

“ఒళ్ళు చూడు. రెక్కలు కాదు, ఒళ్ళు.”

ఒళ్ళు నల్లగా ఉంది. రోజ్‌లకు ఒళ్ళు ఎర్రగా ఉంటుంది. ఇది రోజ్ వేషం కట్టిన కామన్ మోర్మన్ ఆడది, ఇంటి వెనక కరివేపాకు చెట్టు మీద గుడ్డు పెట్టేది ఇదే. మోర్మన్ ఆడవాటిలో మూడు రూపాలున్నాయి. ఒకటి తన మగదానిలాగే ఉంటుంది, ఒకటి కామన్ రోజ్‌లా, మరొకటి క్రిమ్సన్ రోజ్‌లా. పగటివేషగాళ్ళలా ఒకే ఇంట్లో పుట్టి తలా ఒక వేషం. అసలు విషపు రోజ్‌లు రెండూ తిరిగే నేల మనది కాబట్టి ఈ రూపాలన్నీ ఇక్కడ చూడొచ్చు. 2014లో కృష్ణమేఘ్ కుంటే, ఆయన సహచరులు ‘నేచర్’ పత్రికలో అచ్చువేసిన పరిశోధన ఈ వేషాల గుట్టు విప్పింది. ఏ ఆడది ఏ రూపం ఎత్తాలో తేల్చేది డబుల్‌సెక్స్ అనే ఒక్క జన్యువు. కీటకాల్లో ఆడ, మగ తేడాలను దిద్దే జన్యువే ఇక్కడ రెక్కల బొమ్మనూ దిద్దుతోంది.

కరివేపాకు మీది మోర్మన్ పురుగును చాలామంది చూసే ఉంటారు, చూశామని తెలియకుండా. చిన్నప్పుడది అచ్చం పిట్టరెట్ట, పెద్దయ్యాక ఆకుపచ్చ. వేలితో తాకితే తల వెనకనుంచి రెండు కొమ్ముల ఎర్రటి గొట్టం బయటికొచ్చి ఘాటుగా వాసన కొడుతుంది. కుండీలో కరివేపాకు మొక్క ఉన్నవాళ్ళు నాలుగు రెమ్మలు దానికి వదిలేస్తే నెల తిరక్కుండా బాల్కనీలోనే రెక్కలు విచ్చుకోవడం చూడొచ్చు. పట్నాల్లో ఈమధ్య కడుతున్న బటర్‌ఫ్లై పార్కుల్లో పువ్వుల మొక్కలు బారులు తీరి ఉంటాయి గానీ ఈశ్వరి, జిల్లేడు, రణపాల కోసం వెతికితే కనపడటం అరుదు. జిల్లేడైతే పిచ్చిమొక్కని పీకేస్తారు. తేనె తాగడానికి వచ్చిన తల్లి గుడ్డు పెట్టడానికి ఇంకెక్కడికో పోవాలి. ఇలాంటి తోటకు ఆ పేరు పెట్టడం న్యాయం కాదు.

అనంతగిరి కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ నీడ, దాని మీద పాకిన మిరియం, కింద కాఫీ పొదలు. 2019లో అరకు లోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. పూత మాసం వెళ్ళిపోయి పిందె పడింది. ఇక్కడ చూసిన పురుగు మాత్రం ఆకు తినేది కాదు. కొన్ని కొమ్మలకు తెల్లగా పిండినల్లి పట్టింది. ఆ తెల్ల మైనం మధ్య, అదే మైనం ఒంటికి పూసుకుని, చిన్న బొద్దు పురుగొకటి పిండినల్లులను తింటూ కూర్చుంది. ఏప్‌ఫ్లై. సీతాకోకచిలుకల్లో మాంసాహారులు బహు తక్కువ, అందులో ఇదొకటి. ఆ పక్క ఆకు మీద దాని ప్యూపా ఉంది. భూతద్దంలో చూస్తే కళ్ళు, ముక్కు, నోరుతో సహా కోతి ముఖం. తోట యజమానురాలు భూతద్దం తీసుకుని చూసి నవ్వి, కూలికొచ్చిన ఆడవాళ్ళందరినీ పిలిచి చూపించింది. పిండినల్లి మీద మందు కొట్టాలనుకున్న ఆ నాలుగు పొదల్నీ కొట్టకుండా చూస్తానంది.

తిరుగు రైలుకు శిమిలిగూడ స్టేషనుకు నడిచి వెళ్తుంటే దారి పక్క కంచె మీద ఇంకో పురుగు కనపడింది. పచ్చగా ఉంది, వీపు మీద గోధుమరంగు మరక, తోక వైపు రెండు చిన్న కొనలు. మావయ్య తీగను అటూ ఇటూ తిప్పి చూశారు. ఆకులు ఎదురెదురుగా ఉన్నాయి, తుంచితే పాలు రాలేదు, పువ్వు లేదు, కాయ లేదు. పుస్తకంలో పురుగు దొరకలేదు, తీగా దొరకలేదు. మేకలు తోలుకుపోతున్న ఒకావిడను అడిగితే, ఆ తీగ ఆషాఢంలో తెల్లగా పూస్తుందని చెప్పింది. తన చీర కొంగు అంచునుంచి ఒక పీలిక చింపి తీగ మొదట్లో కట్టింది, కంచె కొట్టేవాళ్ళు దీన్ని నరక్కుండా. మేనకోడలి నంబరు తన కొడుకు కోసం రాయించుకుని, “పువ్వు రాగానే ఫోటో పంపిస్తాడమ్మా” అని మేకల వెనక వెళ్ళిపోయింది.